తిరుగుడు గొర్రెల మెదళ్ళు

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మా జంతుశాస్త్ర శాఖ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఆఖరి ఏడు చదివే ప్రతివాడూ నాడీమండలం మీద ఒక థీసిస్ రాయాలి. రాయనివాణ్ని పరీక్షకు కూర్చోనివ్వరు. దసరాలోపు విషయం ఎంచుకోవాలి, గైడు ఒప్పుకోవాలి. నమూనాలు సొంతంగా సేకరించాలి, బొమ్మలు సొంత చేత్తో గీయాలి. ప్రతి అధ్యాయం మీదా గైడు సంతకం ఉండాలి. చివర బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు నిలబడి జవాబులు చెప్పాలి. కాగితం అడుగున ఇంకో నియమం కూడా ఉంది: నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మా హాస్టల్లో సగంమందికి గుండె జారింది ఆ అడుగు వాక్యం చదివే. మెదడు సంగతి తర్వాత చూసుకోవచ్చు, నల్లగొండలో బంగారు అక్షరాలు ఎవడు వేస్తాడురా అని.

నాది దేవరకొండ అవతల ఒక చిన్న పల్లె. గొర్రెల ఇల్లు మాది. మొదట ఉర్దూలో అక్షరాలు దిద్దాను, అది పోయి తెలుగు వచ్చింది, కాలేజీకి వచ్చేసరికి అంతా ఇంగ్లీషయింది. మూడు భాషలు మారినా నా దగ్గర గొంగడి వాసన మాత్రం పోలేదని తోటివాళ్ళు ఎక్కిరించేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. కోపం వస్తే మాట వెంటనే రాదు నాకు, తర్వాత ఎప్పుడో ఒంటరిగా నడుస్తుంటే వస్తుంది. ఇప్పటికీ అంతే.

తోటివాళ్ళంతా కప్ప నాడులు తీసుకున్నారు. కప్ప దొరకడం తేలిక, పుస్తకంలో బొమ్మ సిద్ధంగా ఉంటుంది, చూసి గీస్తే సరిపోతుంది. మా గైడు సారు కోస్తా నుంచి వచ్చినాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే ఏదో నష్టం జరుగుతుందన్నట్టు ముఖం బిగించుకుని తిరిగేవాడు. పన్నెండో కప్ప థీసిస్ వినగానే ఆయనకు విసుగొచ్చింది.

"పుస్తకంలో లేనిది ఒక్కటైనా చెప్పండయ్యా" అన్నాడు.

నేను లేచి, మా మందలో ఒక్కోసారి గొర్రె ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి తిరిగి మేత మానేసి చచ్చిపోతుందని, దాన్ని మేము తిరుగుడు రోగం అంటామని చెప్పాను.

"ఎటు తిరుగుతుంది? కుడికా, ఎడమకా?"

పుట్టినప్పటినుంచి గొర్రెల మధ్యే పెరిగాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. చూడలేదు సార్ అన్నాను.

"అయితే వెళ్ళి చూడు. అదే నీ థీసిస్."

ఆ తర్వాత ఆయన తన సొంత నియమాలు చెప్పాడు. కనీసం ఆరు మెదళ్ళు కావాలి. ప్రతి గొర్రె బతికుండగా ఎటు తిరిగిందో కళ్ళతో చూసినవాళ్ళు చెప్పాలి. చచ్చిన వెంటనే, కుళ్ళకముందే, తలకాయను ఫార్మలిన్‌లో వేయాలి. అన్నిటికంటే కష్టమైన నియమం చివర చెప్పాడు. తిరిగే గొర్రెకు మా దగ్గర నొసటి మీద కాల్చిన ఇనుముతో వాత పెడతారు. అట్లా వాత పడ్డ తల పనికిరాదట.

"వైద్యం తగలని మెదడు కావాలి నాకు. లేకపోతే నువ్వు చూస్తున్నది రోగమో వైద్యమో ఎవడు చెప్పగలడు?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కాని ఆ మాట తీసుకుని మా బాపు దగ్గరికి వెళ్ళవలసింది నేను.

మా బాపుకు మంద తప్ప ఇంకేమీ లేదు. ఉన్న చెలకలో రాళ్ళే ఎక్కువ, కాలం అయితే జొన్న, కాకుంటే అదీ లేదు. నా చదువు, మా చెల్లె పెళ్ళి, ఇంట్లో ఉప్పూ నూనే అన్నీ గొర్రెల మీదనే. ఆ యేడు తిరుగుడు మునుపెన్నడూ లేనంత ఎక్కువగా వచ్చింది. మంద నిలబడుతుందా లేదా అన్నది ఒక్కటే మా ఇంట్లో మాట. మా అమ్మ పొద్దున లేవగానే పొయ్యి కంటె ముందు దొడ్డి దిక్కు చూసేది.

నేను పోయేసరికి ఒక ఏడాది గొర్రె దొడ్డి మూల తల వంచుకుని తిరుగుతోంది. కాసేపు నిలబడి, మళ్ళీ అదే దారిలో తిరుగుతోంది. ఎడమకు. మొదటిసారి చూశాను ఎటో. బాపు పొయ్యిలో ఇనుప కడ్డీ పెట్టి కూర్చున్నాడు.

"వాత పెట్టకు బాపు" అన్నాను.

"పెట్టకుంటె సస్తది గదరా."

"పెట్టినయ్ ఏమన్న బతికినయా?"

నాకు ఇట్లా తగిలే మాటలు మాత్రం వెంటనే వస్తాయి. బాపు నా దిక్కు చూశాడు. కడ్డీ పొయ్యిలోంచి తీసి పక్కన పెట్టాడు.

"బతకలే" అన్నాడు. "కని ఊకె సూసుకుంట కూసునుడెట్ల? ఏదో ఒకటి జెయ్యాలె గద సేతులున్నంక."

సదువుకు వాత పడని గొర్రె కావాలె బాపు, లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు అని చెప్పాను. ఆ గొర్రె నాలుగైదు రోజులు తిరిగింది. బాపు మంద తోలుకుని పోతూ దాని దిక్కు చూడకుండా తల తిప్పుకుని పోయేవాడు. నేను రాతి మీద కూర్చుని ఎటు తిరుగుతోందో, ఎంతసేపు తిరుగుతోందో, ఏ కన్ను కనబడటం లేదో రాసుకునేవాణ్ని. దాని కుడి కన్నుకు చెయ్యి అడ్డం పెట్టినా రెప్ప కొట్టేది కాదు. అదంతా రాస్తుంటే నాకు లోపల ఏదో వెలుగుతున్నట్టు ఉండేది. ఒక జీవం చస్తుంటే ఆ సంబరం ఏమిటని నామీద నాకే రోత కూడా పుట్టేది. రెండూ నిజమే.

గొర్రె చచ్చిన పొద్దున అసలు చిక్కు వచ్చింది. తలకాయ.

మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉంది. మందలో ఏ గొర్రె చచ్చినా దాని తలకాయ మంద కుక్కది. ఎముక గట్టిగా ఉంటుంది, కుక్క పళ్ళకు పగలదు, అందుకని కాపరి తనే గొడ్డలితో రెండుగా కొట్టి కుక్క ముందర పెడతాడు. తోడేలు వచ్చినప్పుడు ప్రాణం అడ్డం పెట్టేది అదే కాబట్టి మంచి వంతు దానికి పోవాలని మా తాతల కాలం నుంచి ఉన్న లెక్క. కుక్కకు తలకాయ వేయనివాణ్ని మా దిక్కు పీనాసి కింద జమకడతారు. బాపు ఆ పనిని ఎంతో నిష్ఠగా చేసేవాడు. కొట్టి, రెండు చిప్పలూ తెరిచి పెట్టి, కుక్క తినేదాకా అక్కడే నిలబడేవాడు.

అప్పుడు మాకు ఉన్నది ఒక నల్ల కుక్క. ఆడది. ఒక చెవి తోడేలు కొరికింది. బాపు గొడ్డలి పట్టుకోగానే వచ్చి కూర్చుంది.

"తలకాయ నాకు కావాలె బాపు."

"మొత్తమా?"

"మొత్తం. కొట్టొద్దు."

బాపుకు నిజంగా బాధయింది. "దాని నోటికాడిది గుంజుకుంటున్నవ్ బిడ్డా" అన్నాడు. కుక్కకు ఒక కాలు కోసి వేశాడు. అది వాసన చూసి బాపు ముఖం దిక్కు చూసింది. తిన్నది గాని, తర్వాత చాలాసేపు ఆయన వెనకాలే తిరిగింది.

తలకాయను ఫార్మలిన్ డబ్బాలో వేసుకుని నల్లగొండ మోటరెక్కాను. మూత సరిగా పట్టలేదు. దేవరకొండ దాటేసరికి మోటరులో అందరికీ కండ్లమ్మట నీళ్ళు. ఒక పెద్దాయన, ఏం నాయినా డబ్బల ఏముంది అని అడిగాడు. గొర్రె తలకాయ అన్నాను. వండుకోవడానికి గింత ఘాటు మసాల ఎందుకు పెట్టిన్రు అన్నాడు. కండక్టరు నన్ను డబ్బాతో సహా పైకెక్కించాడు. మిగతా దారంతా మోటరు మీద జొన్న మూటల మధ్య కూర్చుని పోయాను.

ప్రయోగశాలలో పుర్రె పై చిప్ప తీసినప్పుడు సారు నా పక్కనే నిలబడ్డాడు. మెదడు ఎడమ భాగంలో కోడిగుడ్డంత నీటి తిత్తి. పలుచటి పొర, లోపల తేటనీళ్ళు, పొరకు అంటుకుని తెల్లటి చుక్కలు. అవన్నీ పురుగు తలలే. ఆ తిత్తి పెరిగి పెరిగి మెదడును ఒక మూలకు నొక్కేసింది. దాని పైన ఎముక కూడా వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడింది. ఎడమకు తిరిగిన గొర్రె. ఎడమ పక్క తిత్తి. కనబడనిది కుడి కన్ను. పుస్తకంలో చదివిన నాడుల దారులన్నీ ఆ బల్ల మీద ఒక్కసారిగా అర్థమైనాయి. సారు ముఖం బిగింపు కొంచెం సడలింది. "ఇంకా అయిదు" అన్నాడు.

ఆ చలికాలమంతా నేను ఇంటికీ కాలేజీకీ తిరిగాను. ఇల్లు చేరగానే మొదట అడిగేది ఒకటే: ఏమన్న తిరుగుతున్నయా? ఒకసారి మా అమ్మకు తిక్క లేచింది.

"మమ్ముల మంచిగున్నరా అని అడుగవు. గొర్రెలు మంచిగున్నయా అని గూడ అడుగవు. రోగం మంచిగున్నదా అని అడుగుతున్నవ్" అంది.

నాకు కావలసింది గొర్రె తిరగడం. వాళ్ళకు కావలసింది తిరగకపోవడం. ఒకే దొడ్డి ముందు నిలబడి మేము రెండు వేరు వేరు కోరికలు కోరుకుంటున్నాం. రోగం నా కోరికే తీర్చింది.

రెండోది కుడికి తిరిగింది, తిత్తి కుడి పక్కనే దొరికింది. మూడోది, నాలుగోది అట్లాగే సరిపోయాయి. అయిదోది తిరగలేదు, నడవబోతే కాళ్ళు తడబడి పడిపోయేది. దాని తిత్తి చిన్నమెదడు మీద ఉంది. ఆరోది బాపుకు ఇష్టమైన గొర్రె, మందకు ముందు నడిచేది. అది తిరగడం మొదలుపెట్టిన రోజు బాపు కడ్డీ కూడా తీయలేదు. నన్ను పిలిచి, "సూడు, రాసుకో" అన్నాడంతే. బాపు చెప్పిన గుర్తులన్నీ నేను మా బాపు చెప్పాడు అని రాస్తే, సారు ఎర్ర సిరాతో కొట్టేసి, ఒక గొర్రెల కాపరి తెలిపిన ప్రకారం అని దిద్దాడు. థీసిస్‌లో నాయనలు ఉండరట.

ఆరు మెదళ్ళయినాయి, బొమ్మలయినాయి. నాలుగు అధ్యాయాల మీద సంతకం అయింది. ఇక అట్ట వేయించడమే అనుకున్నాను. సారు మొత్తం చదివి, కట్ట నా ముందుకు తోశాడు.

"ఈ తిత్తి మెదడులోకి ఎట్లా వచ్చిందో రాయలేదే. కారణం లేకుండా నేను ఆఖరి సంతకం పెట్టను" అని ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చాడు.

గ్రంథాలయం కిటికీ దగ్గర కూర్చుని చదివాను. గొర్రె మెదడులో ఉన్నది పురుగు పిల్ల. అది పెద్ద పురుగు అయ్యేది కుక్క కడుపులో. తిత్తి ఉన్న మెదడు తిన్న కుక్క పేగుల్లో అది పట్టీలాగా పొడుగ్గా పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి గొర్రె మేస్తుంది. మళ్ళీ మెదడు.

ఆ పేజీని ఎన్నిసార్లు చదివానో. ఇంగ్లీషు నాకు సరిగా రాక అట్లా అర్థమవుతోందేమో అని కూడా ఆశపడ్డాను. బాపు గొడ్డలితో రెండు చిప్పలు చేసి, తినేదాకా నిలబడటమే కళ్ళముందు కనబడుతోంది.

సారుకు చెప్పాను. ఆయనకు నా బాధ కంటే ముందు అధ్యాయం కనబడింది. "మీ కుక్క పేగులో పెద్ద పురుగు చూపించగలిగితే నీ థీసిస్‌కు తిరుగులేదు" అన్నాడు. మందు వేసి రాలగొట్టించవచ్చు కదా సార్ అన్నాను. మందుకు పురుగు ముక్కలైపోతుంది, తల దొరకదు, తల మీది కొక్కేలు చూస్తేగాని ఏ పురుగో తేలదు అన్నాడు. ఒక క్లోరోఫారం సీసా ఇచ్చి పంపాడు.

ఆ మాట బాపుకు ఎట్లా చెప్పాలో దారిపొడుగునా తయారు చేసుకున్నాను. ఇంటికి పోయి నిలబడ్డాక అవన్నీ పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"కుక్క తిన్నది కుక్క కడుపుల ఉంటది. గొర్రె తలకాయలకు ఎట్ల పోతదిరా?" అన్నాడు.

గడ్డి సంగతి చెప్పాను. విన్నాడు. ఆ రోజూ తెల్లారీ అన్నం సరిగా తినలేదు. మూడో పొద్దున నేను ముఖం కడుక్కుంటుంటే వచ్చి, "తే నీ సీస" అన్నాడు.

"నువ్వొద్దు బాపు. నేను జూస్కుంట."

"నిన్ను కరుస్తది. నా సేతుల్నయితె ఊకుంటది. నేను గూడ సూడాలె."

ఊరి బయట రేగు చెట్ల దగ్గర బాపు కింద కూర్చుని కుక్క తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గుడ్డ తడిపి ఇచ్చాను. ఆయనే దాని ముక్కుకు పట్టాడు. అది పెనుగులాడలేదు. ఆయన చెయ్యి కదా. నేను కోస్తుంటే ఆయన పక్కనే నిలబడి చూశాడు. పేగు తెరవగానే తెల్లటి పట్టీలు, ఒకదాన్ని ఒకటి చుట్టుకుని ఉన్నాయి. విడిపోయిన ముక్కలు దోసగింజల్లాగా ఉన్నాయి.

బాపు ఒక ముక్కను వేలితో ముట్టుకున్నాడు.

"గివ్విట్ని నేను మస్తుసార్లు సూసిన. దాని తోక కింద అంటుకోని ఉంటె సేత్తోని తుడిచేటోన్ని" అన్నాడు. "అంటె ఇన్నేండ్ల సంది నేనే తినవెట్టిన్నా?" అన్నాడు.

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. ఆ పేగు అక్కడ తెరిచి ఉండగా అబద్ధం ఎట్లా చెప్తాను?

"తెల్వక ఏసినవ్ బాపు."

"మా నాయిన గూడ తెల్వకనే ఏసిండు" అని లేచి, దొడ్డి దిక్కు పోయాడు. నేను పురుగు తలను వెతికి సీసాలో వేసుకున్నాను. కొక్కేలు చక్కగా ఉన్నాయి.

థీసిస్ అయింది. బంగారు అక్షరాలు హైదరాబాదులో వేయించాం. వైవాకు వచ్చిన పరీక్షకుడు మంచివాడు. నా బొమ్మలు చూసి మెచ్చుకున్నాడు. నమూనాలన్నీ ఒక్క మందలోవే, అంత రోగం ఎందుకుందని అడిగాడు. చెప్పాను. కుక్కకు తలలు వేయడం ఆపారా అన్నాడు. ఆపారు సార్ అన్నాను. చాలా సంతోషం అని చెయ్యి కలిపాడు. సారు మొదటిసారి నా ముందు నవ్వాడు. ఏ నష్టమూ జరగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, నేను ఫలితాలు చూసుకుని హాస్టలుకు వచ్చేసరికి, గేటు దగ్గర బాపు కూర్చుని ఉన్నాడు. ఆయన నల్లగొండకు రావడం అదే మొదలు. పక్కన గొంగడి మూట.

"పాసైనవా?"

"అయిన బాపు."

"మంచిగయింది" అని మూట విప్పాడు. లోపల తడి గోనెలో గొర్రె తలకాయ. "ఇయ్యాల పొద్దుగాల సచ్చింది. ఎడమకు తిరిగింది. నేనే సూసిన. కుడి కన్ను కానరాలే. వాత పెట్టలే. తలకాయ కొట్టలే. అట్లనే తెచ్చిన."

ఒక్క నియమం తప్పలేదు. సారు నాకు చెప్పినవన్నీ నేను ఎప్పుడో ఇంట్లో చెప్పి ఉంటాను, ఆయన అన్నీ పెట్టుకున్నాడు.

"ఇగ అక్కరలేదు బాపు. ఆరు సాలు. పనయిపోయింది."

ఆయనకు అర్థం కాలేదు. "అయిపోయిందా? మరి గివ్వింక తిరుగుతనే ఉన్నయ్ గద. కుక్క పాయె. కుక్క లేదని తోడేలు గొర్రెపిల్లల నెత్తుకపోతాంది. తలకాయలన్ని బొందల పెడుతున్న. అయినా తిరుగుతున్నయ్."

"మనం ఆపకముందు తిన్న గడ్డి బాపు అది. అప్పటిదే తలల్లో ఉండి పెరుగుతాంది. దానికి మందు లేదు."

"గా ముచ్చట నీ బుక్కుల రాసినవా?"

"రాయలే."

"ఎందుకు రాయలే?"

ఎవరూ అడగలేదని చెప్పలేకపోయాను. ఆయన తలకాయను మళ్ళీ గోనెలో చుట్టాడు. హాస్టలు వంటాయన దగ్గర గడ్డపార అడిగి తెచ్చాను. వంటింటి వెనక నేల గట్టిగా ఉంది. నేను తవ్వబోతే బాపు గడ్డపార తీసుకున్నాడు. కుక్కలు తోడకుండా నడుము లోతు తవ్వి, పాతిపెట్టి, పైన రాళ్ళు పేర్చాడు. కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులవి, మా దిక్కు నుంచి జనం మట్టిపనికి పోతున్నారు.

"ఉన్న నాలుగు గొర్లు మీ మామకు ఒప్పజెప్పిన" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "నేను డ్యాం కాడికి పోతున్న. తవ్వుడు మంచిగ అలవాటయింది."